తేనె వార్తలో చివరి పేరా

2013 జూన్ 6, గురువారం

ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట కొత్త దుకాణం. బోర్డు మీద తేనెటీగ, పక్కన మనిషి కాలేయం. రెండూ ఒకే సైజులో ఉన్నాయి. నడిపేవాడు సిద్దార్థ. ముప్పై ఏళ్లు ఉండవు. నిరుడు ఇదే గదిలో సెల్‌ఫోన్లకు రీచార్జి చేసేవాడు. ఇప్పుడు తెల్లకోటు వేసుకున్నాడు. జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయదు. అడిగి తీసుకుని చూశాను.

అమ్మేవి మూడు. తేనె. రాణి ఈగకు మిగతా ఈగలు తినిపించే పాల వంటి పదార్థం. తేనెపట్టులో పగుళ్లు పూడ్చుకోవడానికి ఈగలు చెట్ల నుంచి తెచ్చుకునే జిగురు, గోధుమరంగు సీసాల్లో. ఈ మూడోది కాలేయం మీద పడ్డ మచ్చలను కరిగిస్తుందట. రుజువుగా ఇంటర్నెట్ నుంచి తీసిన ఇంగ్లీషు కాగితాలు చూపించాడు. అతను వాటిని చదవలేదు. నేను అక్కడే కూర్చుని చదివాను. అబద్ధాలు కావు. ఎలుకలకు కాలేయం పాడయ్యే మందు ఇచ్చారు. తర్వాత ఈ జిగురు ఇచ్చారు. కొన్నింటిలో మచ్చలు తగ్గాయి. మనుషుల్లో ఇంకా చూడాల్సి ఉందని ఆ కాగితాల్లోనే ఉంది.

ఇవి ఎలుకలు కదా అన్నాను.

"ఎలుకకు పనిజేసింది మనిషికి చెయ్యదా సార్? మనిషి జెర పెద్దగుంటడు. డోసు ఎక్కువిస్తం."

రాసుకున్నాను. ఇలాంటి మాటలు మనం కల్పించలేం.

మా పేపరు వార్షికోత్సవ అనుబంధానికి అతను ప్రకటన ఇస్తున్నాడు కాబట్టి ఒక వార్త ఇవ్వాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. కామారెడ్డి చేరి మూడింటికల్లా పంపేశాను. మొదటి పేరా దుకాణం. రెండోది పరిశోధన. మూడోది వాడుతున్నవాళ్ల మాటలు. చివరిది: ఈ ఫలితాలు ఎలుకల మీద వచ్చినవే, మనుషుల్లో రుజువు కాలేదు, డాక్టర్లు ఇచ్చిన మందులు ఆపకూడదు. ఆ పేరా నన్నెవరూ అడగలేదు. నేనే రాశాను. మెయిల్ పైన, వార్తలు దిద్దే డెస్కుకు ఒక ముక్క రాసి పంపాను.

జూన్ 9, ఆదివారం

వార్త వచ్చింది. మూడు కాలమ్‌లు. సిద్దార్థ సీసా పట్టుకుని నవ్వుతున్న ఫొటో, అరచేయంత. శీర్షిక 'కాలేయానికి తేనె కవచం'. డెస్కులో ఎవడికో ప్రాస దొరికి ఆ పూట అన్నం సహించి ఉంటుంది.

చివరి పేరా లేదు. అది ఉండాల్సిన చోట నా పేరు ఉంది. డెస్కు కోసేసింది. వాళ్లకు వచ్చిన విద్య కత్తెర ఒక్కటే.

జూన్ 10

ఫోన్లు పదకొండు. పిట్లం నుంచి రెండు, రాజంపేట నుంచి ఒకటి, మిగతావి కామారెడ్డివే. అందరూ అడిగింది ఒక్కటే, దుకాణం ఎక్కడ అని. గత నెలలో కాలువ చివరి పొలాల వెంట ఆరు రోజులు తిరిగి రాసిన వార్తకు ఒక్క ఫోన్ రాలేదు. పాఠకులు దేవుళ్లని ఎడిటర్ ప్రతి మీటింగులో చెబుతాడు. ఆ దేవుళ్లు వీళ్లే.

జూన్ 18, మంగళవారం

ఠాణాలో ఉన్నాను. మోటార్ సైకిళ్ల దొంగను ఫొటో కోసం నిలబెడుతున్నారు. వాడికి దువ్వెన ఇచ్చి తల దువ్వుకోమన్నారు. అప్పుడు ఎల్లారెడ్డి నుంచి మా అక్క నర్సక్క ఫోన్.

"తమ్మీ, తేనెది పేపర్ల రాసింది నువ్వేనా?"

నేనే అన్నాను. ఇంకేదో అడగబోయింది. ఎస్సై బయటికి వచ్చాడు. మళ్లీ మాట్లాడతానని పెట్టేశాను. ఎస్సై తాను దొంగను వెంటాడిన తీరు ఇరవై నిమిషాలు చెప్పాడు. దొంగ బస్సులో నిద్రపోతుండగా దొరికాడు.

జూన్ 27

సిద్దార్థ తేనె ఎక్కడిదో చూద్దామని లింగంపేట అవతల తండాకు వెళ్లాను. బీమ్లా అక్కడ తేనెపట్టు కోస్తాడు. యాభై దాటాయి. చేతుల మీద కుట్టిన మచ్చలు లెక్కపెట్టలేం. ఎండాకాలం రెండు డబ్బాలు ఇచ్చాడట. తర్వాత సిద్దార్థ మళ్లీ రాలేదట. అయినా దుకాణంలో సీసాలు తరగడం లేదు.

జిగురు గురించి అడిగాను.

"గది మేం పారేస్తం సార్. లేకుంటె తొట్టి పగిలితే పూస్తం, నీళ్లు కారకుంట. లివరుకు పూసుడు నాకు తెల్వదు."

తేనె దేనికి మంచిదని అడిగాను.

"తియ్యగుంటది."

ఈ జిల్లాలో తేనె గురించి నాకు అబద్ధం చెప్పని మనిషి అతనొక్కడే. అతని ఫొటో తీశాను. ఎక్కడా వేయరు.

జూలై 3

సిద్దార్థకు ఏ అనుమతి ఉందో అడగాలి. రేపు.

జూలై 8

స్వాతంత్ర్య దినోత్సవ అనుబంధానికీ ప్రకటన ఇస్తానని సిద్దార్థ ఫోన్ చేశాడు. అమ్మకాలు బాగున్నాయట. వద్దనలేదు. వద్దనడం నా పని కాదు.

జూలై 14, ఆదివారం

పనిమీద ఎల్లారెడ్డి వెళ్లి, అక్క ఇంటికీ వెళ్లాను. నాలుగు నెలలైంది వెళ్లి.

బావ హనుమాండ్లు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచాయి. పొట్ట ముందుకు వచ్చింది. కళ్లు పసుపు. 2009లో దుబాయి వీసా మెడికల్‌లో అన్‌ఫిట్ అయినప్పుడు తెలిసింది, రక్తంలో కాలేయం వైరస్ ఉందని. అప్పటికే కాలేయం మీద మచ్చలు పడ్డాయి. హైదరాబాద్ డాక్టరు రోజుకొక గోలీ రాశాడు. బతికున్నన్ని రోజులు వేసుకోవాలన్నాడు, ఒక్కరోజు తప్పొద్దన్నాడు. నాలుగేళ్లు తప్పలేదు. ఆ గోలీ మీదే దుకాణం నడిపాడు, కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు కొత్త తీగ చుట్టాడు.

ముందు కంచంలో ఉప్పు లేని జావ. మంచం కింద గోధుమరంగు సీసా.

గోలీలు వేసుకుంటున్నాడా అని అడిగాను. అక్క నా వైపు వింతగా చూసింది.

"నాటు మందు తాగంగ ఇంగ్లీషు గోలి ఎట్లేస్తరు తమ్మీ? పత్తెం చెడదా?"

ఆపమని ఎవరు చెప్పారన్నాను.

"గిది ఒకలు చెప్పాల్నా? నీకు పసిరికలైనప్పుడు అవ్వ ఏం జేసింది? పసరు పోపిచ్చింది, దవాఖాన సీస తీస్కపోయి పెంట మీద పారవోసింది. నువ్వు బతకలేదా?"

బతికాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పసరు తాగినా తాగకున్నా ఆ కామెర్లు చాలామందికి వాటంతట అవే పోతాయి. ఆ మాట చెప్పాను. రెండూ వేరు వేరు జబ్బులని చెప్పాను. గోలీ ఆపితే వైరస్ తిరగబడుతుందని చెప్పాను. చదువుకున్నవాడు చెబుతున్నప్పుడు వినే ముఖాలు పెట్టుకుని ఇద్దరూ విన్నారు. ఈ జిల్లాలో పసరు పోయించుకున్న ప్రతి ఇంట్లో ఈ నియమం ఉంది. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. నేనూ ఈ ఇంటివాణ్నే. నాకు గుర్తు రావాల్సింది.

బావ అన్నాడు, నిదానంగా. "బంద్ పెట్టద్దని ఉంటే నువ్వు రాస్తుంటివి గద బామ్మర్ది. ఇరవై ఏండ్ల సంది చదువుతున్న. నీ రాతల ఒక్కటి తక్కువుండది."

రాశానని చెప్పాను. డెస్కు కోసేసిందని చెప్పాను.

నవ్వాడు. "గట్లనా. రైతు మోటరు మల్ల కాలిపోతే నేను గూడ గదే చెప్త. నేను మంచిగనే చుట్టిన, కరెంటోడు కాల్చిండని."

అలమరలో గోలీల పట్టీ ఉంది. కొత్తది. ఒక్కటి కూడా తీయలేదు. అక్కను అడిగితే జూన్ ఇరవై నుంచి ఆపామంది. ఇరవై నాలుగు రోజులు. ఒక గోలీ తీసి నా చేత్తో ఇచ్చాను. బావ వేసుకున్నాడు. సోమవారం హైదరాబాద్ వెళ్దామన్నాను. నాట్ల వేళ, చుట్టాల్సిన మోటార్లు ఆరు ఉన్నాయి, వారం ఆగమన్నాడు. సరే అన్నాను.

ఎందుకు సరే అన్నానో రాయడానికి కారణం ఏదీ లేదు.

జూలై 15, సోమవారం

సిద్దార్థ దుకాణం. గోడ మీద నా వార్త, ప్లాస్టిక్ తొడుగు వేయించి, దండతో సహా. దండ వేసేది చచ్చినవాళ్ల ఫొటోలకు అని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఏం అనాలో దారంతా సిద్ధం చేసుకున్నాను. సగం కూడా అననివ్వలేదు.

"గోలీలు బంద్ పెట్టుండ్రని నేనెవ్వలికి చెప్పలే సార్. చూడుండ్రి."

సీసాతో పాటు ఇచ్చే కరపత్రం తీసి ఇచ్చాడు. కింద లావు అక్షరాల్లో: డాక్టరు ఇచ్చిన మందులు మానవద్దు. నా వాక్యం. అతని కరపత్రంలో ఉంది, మా పేపర్లో లేదు.

అతను దాన్ని నిజాయితీతో వేయలేదు. రేపు కేసు పడితే చూపించుకోవడానికి వేశాడు. ఇది స్పష్టంగా రాసిపెట్టుకుంటున్నాను.

ఈ కాగితం మా అక్కకు ఇచ్చావా అని అడిగాను.

"ఇయ్యబోయిన సార్. అక్కనే వద్దన్నది. మా తమ్ముడే రాసిండు, మల్ల నీ కాయిదమెందుకన్నది."

రెండో పెన్ను ఇప్పటికీ రాయదు. పోయేముందు చూశాను.

జూలై 16

డెస్కు కోసింది. నేను రాశాను. డెస్కు కోసింది.

జూలై 22, సోమవారం

ఉదయం దుకాణంలో బావ రక్తం కక్కుకున్నాడు. సగం చుట్టిన మోటారు మీద. మోటారు తీసుకుపోవడానికి వచ్చిన రైతు తన జీపులోనే కామారెడ్డి తెచ్చాడు. అక్కడి నుంచి అంబులెన్సు. హైదరాబాద్ చేరేసరికి రెండున్నర.

గొంతులోంచి గొట్టం వేసి, ఉబ్బిన నరాలకు రబ్బరు బ్యాండ్లు వేశారు. రక్తం ఆగింది. మిగతాది ఆగదన్నారు. వైరస్ తిరగబడింది, కాలేయంలో పనిచేసే భాగం చాలా తక్కువ మిగిలింది. డాక్టరమ్మది చిన్న వయసే. గొంతు పెంచలేదు. నాలుగేళ్లు సరిగ్గా వేసుకున్న మనిషి ఎందుకు ఆపాడని అడిగింది.

అక్క నా వైపు చూసింది. నేను గోడ మీది బోర్డు చదువుతున్నాను. చెప్పులు బయట విడవండి.

"మర్సిపోయినం మేడం" అంది అక్క.

జూలై 29

సవరణ వార్త రాశాను. ఈసారి మొదటి వాక్యమే అది: తేనెపట్టు జిగురుతో కాలేయం మచ్చలు తగ్గుతాయని మనుషుల్లో రుజువు కాలేదు, వాడేవారు డాక్టర్ల మందులు ఆపవద్దు. రెండో వాక్యం: జూన్ 9న వచ్చిన వార్తలో ఈ విషయం లేదు. మొత్తం ఐదు వాక్యాలు. కోయడానికి ఏమీ లేకుండా రాశాను. ఎల్లుండి సంచికకు పంపాను.

జూలై 31, బుధవారం

నిన్న సాయంత్రం ఢిల్లీలో తెలంగాణ ప్రకటించారు. పన్నెండు పేజీలూ అదే. ఐదు వాక్యాలకు కూడా చోటు లేదు. నిన్నటి నుంచి నేనే ఎనిమిది వార్తలు పంపాను. సంబురాలు, రంగులు, డప్పులు. ఎనిమిదింటిలోనూ అదే జనం, నాలుగు చౌరస్తాల్లో. ఇంతకాలం ఉద్యమం దారిలో కనబడని నాయకులు ముగ్గురు జీపుల మీద నిలబడి ఊరేగారు. ముగ్గురి పేర్లూ వేశాం.

అక్క ఫోన్ చేసింది. "తెలంగాణ అచ్చిందట గద తమ్మీ. మీ బావకు చెప్పిన. కండ్లు తెరిచిండు."

ఆగస్టు 2

సవరణ రాలేదు.

ఆగస్టు 4

రాలేదు.

ఆగస్టు 6, మంగళవారం

నిజామాబాద్ డెస్కుకు ఫోన్ చేశాను. డెస్క్ ఇన్‌చార్జి అబ్రాహాము. పదిహేనేళ్లుగా తెలుసు, పదిహేనేళ్లుగా తిట్టుకుంటున్నాం. సవరణ ఎందుకు వేయలేదని మొదలుపెట్టి జూన్ దాకా వెళ్లాను. చివరి పేరా కోసి ఒక మనిషిని మంచాన పడేశారన్నాను. మీకు ఫొటోలు కావాలి, ప్రాసలు కావాలి, మనుషులు అక్కర్లేదన్నాను.

అబ్రాహాము మొత్తం విన్నాడు. ఆగమన్నాడు. కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత చదివాడు.

"నువ్వు పంపిన మెయిల్, రాజేశం. జూన్ ఆరు. పైన నువ్వే రాసినవు: ప్రకటనదారు ఫొటో పెద్దగా తప్పనిసరి. స్థలం చాలకపోతే చివరి పేరా తీసేయగలరు."

ఫోన్ రెండో చెవికి మార్చాను.

"సవరణ రేప్పొద్దున వేస్త. లోపలి పేజీల. ఇంగేమన్న కోసుడున్నదా?"

మెయిల్ తీసి చూశాను. ఉంది. 2.54కు పంపాను. అక్షరం తేడా లేదు.

కింది నుంచి కోస్తారని నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. కొత్తగా చేరే కంట్రిబ్యూటర్లకు నేను చెప్పే మొదటి పాఠం అదే. పోయినా పర్వాలేనిది కింద పెట్టాలి.

ఆగస్టు 7

వచ్చింది. ఏడో పేజీ, వ్యవసాయ మార్కెట్ ధరల పక్కన. ఫోన్లు లేవు.

ఆగస్టు 9

సవరణ కత్తిరించి ప్లాస్టిక్ తొడుగు వేయించి సిద్దార్థ దుకాణానికి తీసుకెళ్లాను. గోడకు పెట్టమన్నాను. గొడవపడతాడనుకున్నాను. సంతోషంగా తీసుకున్నాడు, దండ వేసిన వార్త పక్కనే మేకు కొట్టాడు.

"మంచిదే సార్. పేపర్ల రెండుసార్లు పడ్డది."

నేనున్న పావుగంటలో తాడ్వాయి నుంచి వచ్చిన ఒకాయన సీసా కొన్నాడు. రెండు కాగితాల వైపూ చూశాడు. ఫొటో ఉన్నదాని ముందు నిలబడి చదివాడు. గోలీలు ఆపొద్దని చెప్పాను. నువ్వెవరన్నాడు. ఆ వార్త రాసినవాణ్నన్నాను. చేతులు జోడించి దండం పెట్టాడు.

ఆగస్టు 19, సోమవారం

బావ పోయాడు. ఉదయం ఆరు నలభైకి. వయసు యాభై ఒకటి.

ఆగస్టు 20

వార్త రాయమని స్టాఫ్‌లో ఒకరన్నారు. సీనియర్ విలేకరి బావ కాబట్టి జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేస్తారట. రాయనన్నాను.

ఆగస్టు 31, శనివారం

దినాలు అయిపోయాయి. రైతులు మోటార్ల కోసం వస్తున్నారు. నాట్లు ఆగిపోయాయి, వాళ్లను అనడానికి లేదు. అక్క తాళంచెవి ఇచ్చింది. దుకాణం తెరిచి తొమ్మిది మోటార్లు వాళ్లవి వాళ్లకు అప్పగించాం. చుట్టినవి నాలుగు. చుట్టనివి నాలుగు. సగం చుట్టినది ఒకటి. దాని సొంతదారు బావను జీపులో తెచ్చిన రైతే. వేరేవాళ్ల దగ్గర పూర్తి చేయించుకుంటానని, తీగ విప్పకుండా అలాగే తీసుకుపోయాడు.

గోడ అలమర తలుపు లోపలి వైపు బావ కాగితాలు అంటించుకునేవాడు. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ సైజు తీగ, అన్నీ పెన్సిల్‌తో. వాటి పక్కన నా వార్తలు. తొమ్మిదో పదో ఉన్నాయి. కాలువ చివరి పొలాల వార్త ఉంది. దానికి ఒక్క ఫోన్ రాలేదని జూన్‌లో రాసుకున్నాను. ఆ వార్తను కత్తిరించి దాచుకున్న మనిషి ఒకడున్నాడు.

చివర తేనె వార్త. కింద నా పేరు. పేరు కింద తలుపు మీద, చివరి పేరా పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో బావ పెన్సిల్‌తో రాసుకున్నాడు, చుట్ల లెక్క రాసుకునే అక్షరాలతో:

గోలీలు ఎయ్యాల్నా బంద్ పెట్టాల్నా. రాజేశంను అడగాలె. 18-6.

ఇంటికి వచ్చి ఈ డైరీలో జూన్ 18 తీసి చదివాను. దొంగ దువ్వెన ఉంది. ఎస్సై ఇరవై నిమిషాలు ఉన్నాయి.

సాయంత్రం మళ్లీ ఎల్లారెడ్డి వెళ్లాను. అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆ రోజు నేను ఠాణాలో ఉన్నప్పుడు ఫోన్ చేశావు, తేనె వార్త నేనే రాశానా అని అడిగావు, తర్వాత ఇంకేం అడగబోయావు అన్నాను.

చాట ఆపలేదు.

"యాది లేదు తమ్మీ" అంది. హైదరాబాద్‌లో డాక్టరమ్మకు చెప్పిన గొంతుతోనే.